దారిలో రాలిన అక్షరాలు

కంపెనీ క్వార్టర్సు, పై అంతస్తు గది
జూన్ మొదట్లో

బావా,

"ఆపరేషన్ అయింది, గొంతుపెట్టె తీసేశారు, బాగానే ఉన్నారు" అని అక్క కార్డు రాసింది. ఆ మూడు ముక్కలూ ఒకే వరసలో ఎలా రాయగలిగిందో నాకు అర్థం కాలేదు. కార్డు పట్టుకుని మెట్లమీదే కూర్చున్నాను. కింద గదివాడు ఏమైందని అడిగితే, మా బావ బస్‌స్టాండులో అనౌన్సరు అని చెప్పాను.

సరే, ఆ ఏడుపు తర్వాత ఏడుద్దాం. ముందు పని సంగతి. ఈ ఉత్తరం వెనకాలే ఒక పార్శిలు వస్తుంది. అందులో ఉన్నది మోడెం. బ్యాంకు శాఖల్లోని కంప్యూటర్లని ఫోను తీగల మీద ఒకదానితో ఒకటి కలపడానికి నేను రోజూ బిగించేది ఇవే. కొత్తరకం, మహా వేగమైనది. నీ దగ్గరొకటి, నా దగ్గరొకటి ఉంటే, నువ్వక్కడ కీబోర్డు మీద కొట్టిన అక్షరం అప్పటికప్పుడే ఇక్కడ నా స్క్రీను మీద పడుతుంది. నేను కొట్టింది నీకు కనపడుతుంది. దానికి గొంతుతో పనిలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలే కొట్టుకుందాం.

నేను మీ ఇంట్లో వదిలేసి వచ్చిన పాత కంప్యూటరు వెనక్కి తిప్పు. రెండు నోళ్ళు కనిపిస్తాయి. వెడల్పాటిది, చిల్లులున్నది, ప్యారలల్ పోర్టు. అందులో ప్రింటరు తీగ ఉంది, దాని జోలికి పోకు. పక్కన చిన్నది, లోపల సూదులున్నది, సీరియల్ పోర్టు. మోడెం కేబులు దానికి. బలవంతం చెయ్యకు, సూదులు వంగుతాయి. ఫోను తీగ గోడలోంచి పీకి మోడెంలో పెట్టు, మోడెంతో వచ్చిన తీగ గోడలో పెట్టు. నేను ఫోను చేస్తే అది తనంతట తనే ఎత్తుతుంది. ప్రతి ఆదివారం సాయంత్రం చేస్తాను. ఆ టైములో అక్కని ఫోను ముట్టుకోవద్దని చెప్పు, ముట్టుకుంటే లైను తెగుతుంది.

నేనే వద్దామనుకున్నాను. కొత్త శాఖలు తెరుస్తున్నారు, ఇప్పట్లో సెలవు కష్టం. ఏమీ అనుకోకు.

నీ బావమరిది

*

బస్‌స్టాండు వెనక వీధి, ఇల్లు
జూన్ చివర

ఒరేయ్ మెకానిక్కూ,

ఇక్కడ అందరం కులాసా, అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను అని మొదలుపెట్టాలట. మీ అక్క పక్కన నిలబడి చెబుతోంది. మొదలుపెట్టాను. ఇంక అసలు సంగతికి వస్తాను.

ఈ ఉత్తరం ప్రింటరులో కొట్టి పంపుతున్నందుకు తిట్టకు. మన లిపిలో అచ్చేసే ప్రోగ్రాం ఉందిగా, తుప్పు పట్టనివ్వడమెందుకు.

నీ డబ్బా వచ్చింది. సూదుల నోరు వెతకడానికి నేనూ మీ అక్కా బల్ల కింద దూరి ఇద్దరం తలలు గుద్దుకున్నాం. ఆదివారం నువ్వు ఫోను చెయ్యగానే అది ఈల వేసింది, గరగరలాడింది, తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసింది. ముప్పై ఏళ్ళు మైకు ముందు గొంతు సవరించుకున్నవాణ్ణి. నాది ఊడబీకి దానికి పెట్టారేమో అనిపించింది. నవ్వొచ్చింది. నాకు నవ్వొస్తే ఇప్పుడు చప్పుడు ఉండదు, భుజాలు కదులుతాయంతే.

నువ్వు "బావా ఉన్నావా" అని కొట్టావు. ఆ అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి స్క్రీను మీద నిలబడుతుంటే, నిజం చెబుతున్నాను, ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి నాతో ఎవరో మాట్లాడినట్టనిపించింది. మిగతావాళ్ళు నాతో మాట్లాడరు, నాకు చెబుతారు. పలక మీద నేను రాసేలోగా వాళ్ళే జవాబు కూడా చెప్పేసుకుంటారు.

ఒక్కటే లోపం. నువ్వు నిదానంగా కొట్టినవన్నీ బానే వచ్చాయి. కానీ ముందే రాసిపెట్టుకుని ఆ పెద్ద పేజీ ఒక్కసారిగా వదిలావు చూడు, అది మాత్రం ఎలకలు కొట్టేసిన కాగితంలా వచ్చింది. నువ్వు నన్ను పొగిడావో తిట్టావో తెలియలేదు. పొగిడావనే అనుకుంటున్నాను.

బావ

(కింద అక్క చేతిరాత: తింటున్నావా లేదా? చిక్కిపోయి ఉంటావు.)

*

కంపెనీ క్వార్టర్సు
జూలై

బావా,

పొగిడానులే.

తప్పు నీది కాదు, మోడెంది కూడా కాదు. నీ కంప్యూటరు పాతది, దాని సీరియల్ పోర్టు అంతకంటే పాతది. ఆ పోర్టులో ఉన్న చిప్పు ఒక్కసారికి ఒక్క అక్షరాన్నే పట్టుకోగలదు. దాన్ని కంప్యూటరు వచ్చి అందుకోవాలి. కంప్యూటరేమో ఇంకో పనిలో ఉంటుంది. అందుకునేలోపు రెండో అక్షరం వచ్చి పడితే మొదటిది పోయినట్టే. ఇదివరకటి మోడెంలు నెమ్మదిగా పంపేవి కాబట్టి సరిపోయింది. ఇది నీళ్ళ ట్యాంకరు తెచ్చి చెంబులో పోసినట్టుంటుంది.

మందు ఉంది. చిన్న కార్డు పంపుతున్నాను. దాని చిప్పుకి బుట్ట ఉంటుంది, పదహారు అక్షరాలు పడతాయి. కంప్యూటరు తీరిగ్గా వచ్చి అన్నీ ఒక్కసారి ఎత్తుకుపోతుంది. మూత తియ్యి, ఖాళీగా ఉన్న గాడిలో నిలువుగా పెట్టి నొక్కు, స్క్రూ బిగించు, పాత పోర్టులో ఉన్న కేబులు తీసి దీనికి పెట్టు. ముందు కరెంటు ఆపడం మర్చిపోకు, అక్క నన్ను బతకనివ్వదు.

బస్‌స్టాండులో ఇప్పుడు ఎవరు చెబుతున్నారు? ఈ ఊళ్ళో బస్‌స్టాండుకి వెళ్ళినప్పుడల్లా మైకు వింటాను. ఇక్కడివాడు బస్సు పేరు మింగేస్తాడు. నువ్వు ఊరి పేరు చెబితే ఆ ఊరు ఎదురుగా ఉన్నట్టుండేది.

నీ బావమరిది

*

ఇల్లు
ఆగస్టు

మెకానిక్కూ,

కార్డు కూర్చుంది. మీ అక్క టార్చి పట్టుకుంది. నేను స్క్రూ జారవిడిచి డబ్బా లోపల పడేస్తే, కుట్టు దుకాణంనుంచి తెచ్చుకున్న అయస్కాంతంతో తనే తీసింది. గుండుసూదులు ఏరుకునే అయస్కాంతం. ఇంటికో దర్జీ ఉండాలిరా.

పోయిన ఆదివారం నువ్వు వదిలిన మూడు పేజీలూ ఒక్క అక్షరం తగ్గకుండా వచ్చాయి. నీ క్యాంటీను గొడవ, మీ మేనేజరు బట్టతల, అన్నీ చదివాను. రెండోసారి మీ అక్కకి చూపించాను. మీ అక్క చదవలేదు, నన్నే చూస్తూ నిలబడింది.

బస్‌స్టాండుకి వెళ్ళాను. కొత్తగా ఒకమ్మాయి వచ్చింది, బాగా చెబుతోంది. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి మైకు నా చేతికిచ్చింది పాపం, తెలియక. కంట్రోలరు గబగబా వచ్చి తీసుకున్నాడు. ఆ అమ్మాయి మొహం చూళ్ళేకపోయాను. పలక మీద "బాగా చెబుతున్నావమ్మా" అని రాద్దామనుకున్నాను. రాయలేదు. చేత్తో బాగుందని చూపించి వచ్చేశాను.

ఈ మధ్య కుడిభుజం పట్టేస్తోంది. దిండు మార్చాలి.

ఆదివారాలు బాగున్నాయిరా. వారమంతా కూడబెట్టుకున్న మాటలు ఆ సాయంత్రం ఖర్చుపెడుతున్నాను.

బావ

(కింద అక్క చేతిరాత: పలక మీద రాయడం మానేశారు. నువ్వేమైనా చెప్పావా? మొన్న నీ పుట్టినరోజు. గుర్తుందని చెప్పడానికి రాస్తున్నాను.)

*

కంపెనీ క్వార్టర్సు
సెప్టెంబరు

బావా,

పలక మానేసి కీబోర్డు పట్టావంటే సంతోషం. పలక చిన్నపిల్లలకి.

కానీ ఇప్పుడు వేరే గొడవ వచ్చింది. ఇక్కణ్ణుంచి నీకు పంపేవి సరిగ్గా చేరుతున్నాయి, నీవైపునుంచి నాకు వచ్చేవి రాలిపోతున్నాయి. గత మూడు నాలుగు ఆదివారాలుగా చూస్తున్నాను. ఒక మాటలో మొదటి అక్షరం ఉంటుంది, మధ్యవి ఉండవు. ఒక్కోసారి ఒకే అక్షరం వరసగా పది పడుతుంది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. లైను తెగిందేమో అనుకునేసరికి ఇంకో ముక్క వస్తుంది. మొన్న నువ్వు చెప్పిన ఆ కండక్టరు జోకు చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

రాత్రీ పగలూ ఇదే ఆలోచన. కార్డులో లోపమా, కేబులులో ఏదైనా తీగ విరిగిందా, మీ వీధి ఫోను లైను పాడైందా? ఇక్కడ అదే కార్డు పెట్టి చూశాను, బంగారంలా ఉంది. మా సీనియరు "ఎవరు టైపు చేస్తున్నారు?" అని అడిగాడు. మా బావ, ఒక్క తప్పు లేకుండా రాస్తాడు, కావాలంటే చూడండి అని నీ ఉత్తరాలు చూపించాను. వాటిలో కామా కూడా పక్కకి జరగదు.

ఆఖరి మందు ఉంది. ప్యారలల్ పోర్టుకి తగిలించే మోడెం వచ్చింది. సీరియల్‌లో అక్షరం ముక్కలై ఒకదాని వెనక ఒకటి సన్నటి గుమ్మంలోంచి వస్తుంది. ప్యారలల్‌లో ఎనిమిది తీగల మీద అక్షరం అక్షరమంతా ఒకేసారి వచ్చేస్తుంది. రాలిపోయే ప్రశ్నే లేదు. నువ్వు చెయ్యాల్సిందల్లా ప్రింటరు తీగ పీకి, దీన్ని పెట్టడం. నీ కంప్యూటరుకి ఆ నోరు ఒక్కటే ఉంది కాబట్టి ప్రింటరు కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. ఉత్తరాలు చేత్తో రాసెయ్. ఎలాగూ నీ చేతిరాత చూసి చాలా రోజులైంది.

మోడెం తెప్పిస్తున్నాను. రాగానే పంపుతాను.

నీ బావమరిది

*

ఇల్లు
అక్టోబరు

బావమరిదీ,

ఆ ప్యారలల్ మోడెం పంపకు. ప్రింటరు తియ్యను.

ఎందుకని అడుగుతావు. నా చేతిరాత మందుల షాపువాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు, అందుకు. ప్రింటరుకి అలవాటుపడ్డాను, అందుకు. ముసలాడికి చాదస్తం, అందుకు. నీకు నచ్చింది తీసుకో.

ఇంకో మాట. ఆదివారాలు కొన్నాళ్ళు మానేద్దాం. ఆ చప్పుడికి తల నొప్పిగా ఉంటోంది. ఉత్తరాలు చాలు. ఉత్తరంలో ఏదీ రాలిపోదు కదా. నెలకొకటి రాస్తాను.

కండక్టరు జోకు చివర ఏమీ లేదు. వాడు దిగాల్సిన చోట దిగలేదు, అంతే. నువ్వు నవ్వాల్సింది అక్కడే.

కొత్త శాఖలు ఇంకా ఎన్నున్నాయి? అన్నీ తెరవడం అయ్యాక, తోచినప్పుడు, ఒకసారి వచ్చి వెళ్ళు. తొందరేం లేదు.

బావ

(కింద అక్క చేతిరాత ఉంది. ఒక మాట రాసి, చదవడానికి వీల్లేకుండా కొట్టేసింది.)

*

కంపెనీ క్వార్టర్సు
అక్టోబరు చివర

బావా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. బాధ కాదు, కోపం వచ్చింది. దాచడమెందుకు.

నీతో రెండు మాటలు సరిగ్గా మాట్లాడాలని నేనిక్కడ తల బద్దలుకొట్టుకుంటున్నాను. కంపెనీలో అందరికీ వేళాకోళమైపోయాను, "బావ మోడెం ఏమైంది" అని అడుగుతున్నారు. నువ్వేమో ప్రింటరు తియ్యనంటావు! ఒక తీగ పీకి ఇంకో తీగ పెట్టడానికి ఇంత పట్టుదలా? నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు. నెలకొక ఉత్తరం, అదీ అచ్చేసి, బ్యాంకువాళ్ళు నోటీసు పంపినట్టు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచిన మనిషి రాసే ఉత్తరమేనా అది?

మోడెం పంపించేశాను. తగిలిస్తావో, అటకమీద పడేస్తావో నీ ఇష్టం. రమ్మన్నావు. వస్తాను, కానీ ముందు ఇది పనిచెయ్యనీ. ఇది పనిచేస్తే రోజూ వచ్చినట్టే కదా.

నీ బావమరిది

*

కుట్టు దుకాణం, కటింగు బల్ల
నవంబరు

ఒరేయ్ తమ్ముడూ,

ఇంట్లో రాయడానికి వీల్లేక దుకాణంలో గుడ్డలు పక్కకి నెట్టి రాస్తున్నాను. మీ బావకి తెలియదు. చెప్పనని ఒట్టేయించుకున్నారు. పోనీ, తప్పుతున్నాను.

ఆ డబ్బాలో ఏ లోపమూ లేదురా. కార్డులోనూ లేదు, తీగలోనూ లేదు. మీ బావ చెయ్యి పడిపోయింది.

గొంతులో తీసేసింది పోను, మెడ పక్కన రెండో గడ్డ లేచింది. అది చేతికి వెళ్ళే నరాల్ని నొక్కేస్తోందట. ఇంక కొయ్యడానికి లేదన్నారు. ఆగస్టులో భుజంతో మొదలైంది. పలక మీద బలపం జారిపోయేది, అందుకే పలక మానేశారు. తర్వాత చొక్కా గుండీలు పట్టుకోలేకపోయారు. గుండీలన్నీ ఊడదీసి నొక్కుడు బొత్తాలు కుట్టాను. ఇప్పుడు అవీ నేనే నొక్కుతున్నాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి చూపుడువేలుతో టైపు కొడతారు. ఆ వేలు కూడా అనుకున్న చోట పడదు. ఒక్కోసారి పడిన చోటినుంచి లేవదు. నీకు ఒకే అక్షరం పది పడింది అందుకే.

నీకు పంపే ఒక్క పేజీ ఉత్తరానికి ఎన్ని రోజులు కూర్చుంటారో నేను చెప్పను. కొట్టడం, చెరపడం, మళ్ళీ కొట్టడం. ఆయన చూపించిన మీట నేను నొక్కుతానంటే చెయ్యి అడ్డం పెడతారు. తప్పు లేకుండా అయ్యాకే అచ్చు తీస్తారు. నీకు తెలియకుండా ఉండటానికి ఆయనకి మిగిలింది ఆ ప్రింటరు ఒక్కటే. అదే నువ్వు పీకమన్నావు.

నీ పార్శిలు వచ్చింది. నీ కోపం ఉత్తరం కూడా దాంతోపాటే వచ్చింది. చదివి భుజాలు కదిపారు. నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను. తర్వాత దగ్గరికొచ్చి చూస్తే నవ్వు కాదు.

నువ్వు చదువుకున్నవాడివి, ఆ యంత్రాల గుట్టంతా తెలిసినవాడివి. ఒక మనిషి అలా ఆగి ఆగి అక్షరాలు పోగొట్టుకుంటుంటే యంత్రాన్నే అనుమానించావు గానీ మనిషి ఎలా ఉన్నాడని ఒక్కసారి అడగలేదేంరా? నన్నైనా అడగాల్సింది.

సెలవిచ్చినా ఇవ్వకపోయినా రా. వచ్చేటప్పుడు ఏ డబ్బా తేకు.

అక్క

*

కంపెనీ క్వార్టర్సు
నవంబరు

బావా,

అక్క చెప్పింది. తనని ఏమీ అనకు.

మోడెంల పనిలో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది. ఎంత పాత పోర్టయినా సరే, మనిషి వేళ్ళతో కొట్టిన అక్షరాన్ని జారవిడవదు. మన వేళ్ళు దానికి నత్తనడక కింద లెక్క. రాలిపోయేది యంత్రం పంపేవే. ఈ సంగతి ఎంతమందికి నేర్పానో! మా సీనియరు అడిగిన ప్రశ్నకి అర్థం కూడా అదే. నాకు తెలియక కాదు బావా. తెలుసుకోబుద్ధి కాలేదు. కార్డు పాడైతే కార్డు మార్చొచ్చు. కేబులు పోతే కేబులు. ఇంకోటి ఏదో అయితే ఏం మార్చాలో నాకు తెలియదు.

సెలవు దొరకలేదన్నది అబద్ధం. జూన్‌లోనే ఇస్తామన్నారు, నేనే తీసుకోలేదు. నీ గొంతు నా చెవుల్లో అలాగే ఉంది. వచ్చి నిన్ను చూస్తే అది పోతుందేమోనని భయపడ్డాను. నువ్వు నోరు తెరిచి చప్పుడు రాకపోవడం నేను చూళ్ళేననుకున్నాను. ఆ భయంతో ఇన్ని నెలలూ తీగలు పంపుతూ కూర్చున్నాను. నీ వేళ్ళు ఆడిన రోజుల్లో వచ్చి నీ పక్కన కూర్చోవాల్సింది. ఆ రోజులు పోగొట్టాను.

గురువారం బస్సుకి బయల్దేరుతున్నాను. నా కోసం ఏమీ రాసి పెట్టుకోకు. ఏమీ దిద్దుకోకు. నేను వచ్చాక ఎంతసేపైనా పట్టనీ.

నీ బావమరిది

*

ఇల్లు
డిసెంబరు

బావమరిదీ

ఇక దిద్దడం మానేశను. ఉన్నదున్నట్టు పంపుతున్నాను.

నువ్వు వచ్చ వెళ్ళాక ఇల్లు పెద్దదైంది.

ఒక్క మాట చెప్పాలి. నువ్వు పక్కన కూర్చుని నా వేలు చూడలేదు, స్క్రీను చూశావు. సగం మాటకే అర్థమైంది అనలేదు. డాక్టరు అంటాడు, మీ అక్క కూడా అంటుంది, పాపం నాకు శ్రమ తగ్గించాలని. నువ్వు చివరి అక్షరం పడేదాకా ఆగావు. ఎంతసేపు పట్టినా ఆగావు. గొంతు పోయాక నా మాట నేను పూర్తిగా చెప్పుకున్నది ఆ నాలుగు రోజులే.

ఆ రోజులు పోగొట్టానని రాశవు. నేనూ దాచాను కదా. చెరి సగం.

మీ అక్క వంటింట్లో తనలో తను మాట్లాడుకుంటోంది. నాకు చెవులు బానే ఉన్నాయ. వింటున్నాను. జవాబు ఇవ్వలేను.

బావ

*

ఇల్లు
ఫిబ్రవరి

తమ్ముడూ,

మీ బావ బట్టలు ఆసుపత్రికిచ్చేశాను. నొక్కుడు బొత్తాలు కదా, అక్కడ ఎవరికైనా పనికొస్తాయన్నారు. ఒక చొక్కా ఉంచుకున్నాను. పెద్దకర్మ అయ్యాక నువ్వు వెళ్ళేటప్పుడు వేసిన తలుపు గడియ కాస్త బిగుసుకుంది, నూనె వేశాను. దుకాణానికి మళ్ళీ వెళ్తున్నాను. అక్కడ మిషన్ల చప్పుడుంటుంది, బాగుంటుంది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆదివారం సాయంత్రం ఆ డబ్బా దానంతటదే లేచి ఈల వేసింది. ముందాదివారం కూడా వేసింది. మొదటిసారి భయపడ్డాను. గదిలోకి వెళ్ళి చూస్తే దీపాలు వెలుగుతున్నాయి, ఆయన పోయాక కూడా నేను ఆపకుండా ఉంచిన స్క్రీను మీద లైను కలిసినట్టు ఒక మాట ఉంది. దాని కింద ఏమీ లేదు. నువ్వేనని తెలిసింది. ఏమైనా కొడతావేమోనని ఆయన కుర్చీలో కూర్చున్నాను. నువ్వు కొట్టలేదు. నాకు కొట్టడం రాదు. చీకటి పడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. నువ్వక్కడ, నేనిక్కడ. తర్వాత నువ్వు పెట్టేశావు.

నిన్ను తప్పుపట్టడం లేదు. ఆయన కోసమే చేశావు. కానీ ఒక మాట అడుగుతాను. జూన్ నుంచీ మీరిద్దరూ ఆదివారాలు మాట్లాడుకున్నారు. నేను లైను తెగిపోతుందని ఫోను ముట్టుకోలేదు. గిన్నె చప్పుడైతే ఆయనకి మనసు చెదురుతుందని వంటింట్లో కదలకుండా కూర్చున్నాను. మీరు మాట్లాడుకుంటున్నారన్న సంతోషంతోనే కూర్చున్నాను, అబద్ధం చెప్పను. కానీ ఈ ఇంట్లో మాట వినపడక ఎన్నాళ్ళైందో నీకు తెలుసా? ఆయన మాట్లాడలేరు. నేను మాట్లాడితే, జవాబు చెప్పలేకపోయానే అని ఆయన మొహం అదోలా అయిపోయేది. అందుకని నేనూ తగ్గించాను. ఉన్న ఒక్క ఫోనుకి ఎవరు చేసినా ఆ డబ్బానే ఎత్తి వాళ్ళ చెవిలో ఈల వేసేది. దుకాణం ఓనరమ్మ చేసి చేసి మానేసింది. నేను ఆయన నీకు రాసే ఉత్తరాల కింద ఒక్కో ముక్క రాసేదాన్ని. నువ్వు జవాబు రాసిన గుర్తు లేదు.

ఆయన గొంతు డాక్టర్లు తీశారు. నా గొంతు ఎవరూ తియ్యలేదురా. అయినా అది విని నీకు ఎన్నాళ్ళైంది? వచ్చిన రెండుసార్లూ మనం ఏడవడంతోనే సరిపోయింది, మాట్లాడుకున్నదేముంది?

ఈ ఆదివారం పొద్దున్నే ఆ తీగలన్నీ పీకేసి ఫోను తగిలిస్తాను. ఎలా పీకాలో నాకు తెలుసు, ఆయనకి టార్చి పట్టింది నేనే కదా. నువ్వెప్పుడూ చేసే వేళకే చెయ్యి. నేనే ఎత్తుతాను. ఏం మాట్లాడాలో తోచకపోతే నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, మీ మేనేజరు బట్టతల గురించైనా సరే, ఏదో ఒకటి నేనే అడుగుతాను. నాకు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట కాసేపు ఏడుస్తాను. లైను బాగాలేదనుకుని పెట్టెయ్యకు.

అక్క